లండన్ వేసవి ఎగ్జిబిషన్లు 2025: అమ్మానాన్నలతో ఏవి చూడొచ్చు?

తెనాలి_తరంగం

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరున అమ్మానాన్న మొదటిసారి లండన్ వస్తున్నారు, ఆగస్టు చివరిదాకా మాతోనే ఉంటారు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. టవర్ బ్రిడ్జి, ప్యాలెస్ ఎలాగూ చూపిస్తాం. నేను అడిగేది బొమ్మలు, శిల్పాలు, డిజైన్ ఎగ్జిబిషన్ల గురించి. ఈ వేసవిలో నిజంగా వెళ్ళదగ్గవి ఏవో, మీరు స్వయంగా చూసినవి చెప్పండి. అమ్మకి మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు నిలబడటం కష్టం. మా పాపకి తొమ్మిదేళ్ళు. బడ్జెట్ మరీ బిగుతు కాదు గానీ, నలుగురైదుగురికి ప్రతిచోటా టికెట్ కొనాలంటే భారమే.

హౌన్స్‌లో_వాసి

డ్రాయింగ్ మాస్టారు అన్నారు కాబట్టి మొదటి ఓటు రాయల్ అకాడమీ సమ్మర్ ఎగ్జిబిషన్‌కి. పికడిల్లీలో బర్లింగ్టన్ హౌస్. ఈసారి జూన్ 17న మొదలై ఆగస్టు 17తో అయిపోతుంది. 1769లో మొదలుపెట్టి ఒక్క ఏడు కూడా మానకుండా చేస్తున్నారు. కోవిడ్ టైమ్‌లో కూడా ఆపలేదు, చలికాలానికి జరిపారంతే.

దీని ప్రత్యేకత ఏంటంటే ఎవరైనా తమ పని పంపొచ్చు. పేరున్న అకాడమీ సభ్యుడి పెయింటింగ్, ఏ ఊళ్ళోనో టీచరమ్మ వేసిన చిన్న పక్షి బొమ్మ ఒకే గోడ మీద కనిపిస్తాయి. వెయ్యికి పైగా బొమ్మలు, కొన్ని గదుల్లో నేల దగ్గర్నుంచి పైకప్పు దాకా. బొమ్మ పక్కన పేరు ఉండదు, నంబరే ఉంటుంది. చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని ఆ నంబరు వెతికితే ఎవరు వేశారో, ధర ఎంతో తెలుస్తుంది. పేరు చూసి కాకుండా బొమ్మని చూసి మనసులో ఒక మాట అనుకుని, తర్వాత పుస్తకం తెరవమనండి నాన్నగారిని. చూడటానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తెలీదు. ప్రింట్ల గదిలో ఫ్రేముల పక్కన ఎర్ర చుక్కల స్టిక్కర్లు ఉంటాయి, ఒక్కో చుక్క అమ్ముడైన ఒక్కో కాపీ. మా పిల్లలకి ఆ చుక్కలు లెక్కపెట్టడమే ఆట.

ఈ ఏడాది షోని నడిపిస్తున్నది ఆర్కిటెక్ట్ ఫర్షీద్ మూసవి. ఏటా ఆర్కిటెక్చర్ మోడళ్ళు విడిగా ఒక గదిలో ఉండేవి, ఈసారి వాటిని బొమ్మల మధ్యకే తెచ్చారు. బయట ఆవరణలో రయాన్ గాండర్ అనే కళాకారుడు పెట్టిన పెద్ద పెద్ద గాలి బంతులున్నాయి. వాటి మీద చిత్రమైన ప్రశ్నలు రాసి ఉంటాయి. పాప అక్కడే ఆగిపోతుంది, టైమ్ ఉంచుకోండి.

రెండో_గేరు

రాయల్ అకాడమీ శని, ఆదివారాల్లో వద్దు. జనం. వారం మధ్యలో, తెరిచిన వెంటనే వెళ్ళండి. అమ్మగారి కోసం బ్రిటిష్ మ్యూజియంలో వీల్‌చైర్ అడిగితే ఉచితంగా ఇస్తారు. మొహమాటపడకండి. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు, కూర్చున్నాక మాకంటే ఎక్కువ గదులు చూశారు.

కృష్ణాతీరం

తెనాలి నుంచి వస్తున్నారంటే బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది చూపించకుండా పంపొద్దండి. అమరావతి స్తూపం శిల్పాలు ఆ గదిలో, అద్దాల వెనక ఉంటాయి. వాటి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అది పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి రాజధాని మార్చి ఊరు కట్టించుకుంటున్న రోజుల్లో, పాత బౌద్ధ స్తూపం దిబ్బ తవ్వి రాళ్ళు తీసి వాడుకున్నారు. సర్వేయర్ కాలిన్ మెకంజీ ఆ సంగతి విని వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి మనుషుల్ని పెట్టి ఒక్కో రాయినీ బొమ్మ గీయించాడు. తర్వాత మాయమైపోయిన చాలా రాళ్ళకి ఆ డ్రాయింగులే ఇప్పుడు మనకున్న ఆధారం. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపాడు. అక్కణ్ణుంచి 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి.

గదిలోకి వెళ్ళాక ఒక్క పలక దగ్గర ఆగండి. రెండు వైపులా చెక్కిన పలక. ఒక వైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడు కనపడడు. అప్పటికి ఆయన్ని మనిషి రూపంలో చెక్కడం ఇంకా రాలేదు. మూడు వందల ఏళ్ళు దాటాక అదే రాయిని తిప్పి రెండో వైపు స్తూపం మొత్తం చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, నాగం, అండం (స్తూపం గుమ్మటం) చుట్టూ వేలాడే దండలు, పైన గాల్లో తేలుతున్న గంధర్వులు, ఇప్పుడు బుద్ధుడు కూడా ఉన్నాడు. ఒకే రాయి మీద రెండు కాలాల చేతిపని. నాన్నగారు స్కెచ్ పుస్తకం తెచ్చుకుంటే ఆ పలక ముందు కూర్చోబెట్టండి. పెన్సిల్‌తో గీసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇంకొకటి. శిల్పాల్లో పూర్ణఘటం వెతకమని పాపకి చెప్పండి, తామరలు పైకి పొంగుతున్న కుండ. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మధ్యలో ఉన్నది అదే. తాతగారు జీతం కాగితాల మీద ఎన్ని వేలసార్లు చూసుంటారో.

ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది. బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి. మ్యూజియం ప్రవేశం ఉచితం.

పల్నాటి_వెన్నెల

కృష్ణాతీరం గారూ, మీరు రాసింది బాగుంది. కానీ నాకు ఆ గదిలో అడుగుపెడితే ఆనందం కంటే బాధే ఎక్కువ. మన ఊరి రాయి చూడటానికి మనం వీసా తీసుకుని, విమానం ఎక్కి రావాలా? దాన్ని "వేసవిలో చూడదగ్గవి" లిస్టులో పెట్టడం నాకు మింగుడుపడట్లేదు.

కృష్ణాతీరం

ఆ బాధ నాకూ ఉంది. తిరిగి ఇవ్వాలనే నేనూ అంటాను. ఇక్కడ 1963 చట్టం ఒకటుంది. దాని ప్రకారం మ్యూజియం తన సొత్తుని అంత తేలిగ్గా బయటికి ఇవ్వడానికి లేదు, అది మార్చాల్సింది పార్లమెంటు. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2016లో మన ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగతనంగా పోయిన శిల్పాన్ని వెనక్కి ఇచ్చింది. అది కొత్త దొంగతనం, కాగితాలు దొరికాయి. 1859 నాటిదానికి దారి వేరు.

కానీ చూడకుండా ఉంటే ఏం ఒరుగుతుంది? మన పిల్లలకి అది ఎక్కడిదో తెలియకపోతే రేపు అడిగేవాళ్ళే ఉండరు. పాపకి ఆ గదిలోనే చెప్పాలి, ఇది తాతయ్య ఊరికి దగ్గర్లోది, ఇక్కడికి ఇలా వచ్చింది అని.

పల్నాటి_వెన్నెల

ఒప్పుకుంటాను, కానీ ఒక షరతు. ఇక్కడ చూసిన ప్రతివాళ్ళూ ఇంటికెళ్ళాక అమరావతి మ్యూజియం కూడా చూడాలి. తెనాలి నుంచి ఎంత దూరం? చెన్నై ఎగ్మోర్ మ్యూజియం కూడా. నలగిరి ఏనుగుని బుద్ధుడు శాంతింపజేసే ఆ గుండ్రటి శిల్పం అక్కడే ఉంది. ఏనుగు ఒకే చట్రంలో రెండుసార్లు కనిపిస్తుంది, ఒకసారి వీధిలో జనాన్ని తొక్కుతూ, ఒకసారి మోకరిల్లి. లండన్‌లో ఉన్నవాటిలో నన్ను అంతగా పట్టేసింది ఏదీ లేదు.

జెర్సీ_జానకి

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. న్యూయార్క్ మెట్ మ్యూజియంలో 2023 జూలై 21 నుంచి నవంబరు 13 దాకా తొలినాటి బౌద్ధ శిల్పకళ మీద పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి నుంచి తోరణం రాళ్ళు వచ్చాయి. మా నాన్నది నల్గొండ. ఆయన ఆ తోరణం ముందు నిలబడి "మా మండలం పక్కనే" అని సెక్యూరిటీ గార్డుకి ఇంగ్లీషులో చెప్పడం నేను ఎప్పటికీ మర్చిపోలేను. అవి మన ప్రభుత్వాలు అరువుగా పంపినవి, వెనక్కి వెళ్ళిపోయాయి. పల్నాటి వెన్నెల గారూ, ఇలా పంపి చూపించి తెచ్చుకోవడం నాకు మంచి పద్ధతి అనిపించింది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మెట్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్ళు, న్యూజెర్సీ, కనెటికట్ స్టూడెంట్లు టికెట్‌కి ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వొచ్చు. పిల్లల ఐడీ మర్చిపోకండి.

తెనాలి_తరంగం

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. రెండు వైపులా చెక్కిన పలక గురించి మళ్ళీ చదవమన్నారు. ఒక సందేహం. బ్రిటిష్ మ్యూజియంలో ప్రాచీన భారతదేశం మీద ఇప్పుడు టికెట్ షో కూడా ఉందటగా, అది అవసరమా?

కృష్ణాతీరం

ఉంది, మే 22న మొదలైంది, అక్టోబరు 19 దాకా. హిందూ, జైన, బౌద్ధ దేవతా రూపాలు ఎలా పుట్టాయి, యక్షులు, నాగుల దగ్గర్నుంచి ఎలా ఎదిగాయి అన్నది కథ. ఇక్కడుండే ఆయా మతాల వాళ్ళని సలహాదారులుగా పెట్టుకుని చేశారు, ఆ తేడా తెలుస్తుంది. దేవుణ్ణి దేవుడిలాగే నిలబెట్టారు. మీ అమ్మగారికి 33ఎ గది కంటే ఇదే నచ్చొచ్చు. పదహారేళ్ళ లోపు పిల్లలకి పెద్దవాళ్ళతో వస్తే టికెట్ లేదు. కానీ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

బొమ్మలక్క

ఇప్పటిదాకా డిజైన్ గురించి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మాది పెడన దగ్గర. ఇంట్లో అద్దకం చూస్తూ పెరిగాను.

సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఉచితం. శుక్రవారం రాత్రి పదింటిదాకా తెరిచి ఉంటుంది, ఎండ తగ్గాక వెళ్ళొచ్చు. అందరూ టిప్పు సుల్తాన్ చెక్క పులి బొమ్మ దగ్గర గుమిగూడతారు, చూడండి, బాగుంటుంది. కానీ నేను పంపేది బ్రిటిష్ గ్యాలరీలకి. అక్కడ 18వ శతాబ్దపు నటుడు డేవిడ్ గారిక్ మంచం ఉంది. ఆ మంచం తెరలు మన కోరమాండల్ తీరంలో చేతితో అద్దిన చింట్జ్ గుడ్డ, మచిలీపట్నం పేరు ప్రపంచమంతా తిరిగిన రకం. కలకత్తా వ్యాపారులు ఆయనకి కానుకగా పంపితే లండన్ కస్టమ్స్ వాళ్ళు పట్టేసుకున్నారు. ఎందుకంటే మన అద్దకం గుడ్డల దెబ్బకి ఇక్కడి నేత పరిశ్రమ తట్టుకోలేక 1721లో వాటి మీద నిషేధం పెట్టించుకుంది. అంత భయపడ్డారు మన రంగులకి!

ఆ గుడ్డ దగ్గరగా చూడండి. నల్ల గీత తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిం నీళ్ళది. దానికి ముందు గుడ్డని కరక్కాయ, పాలల్లో నానబెట్టకపోతే ఆ నలుపు పట్టదు. ఎరుపు పటిక రాసి చిరివేరుతో ఉడికిస్తే వస్తుంది. నీలం కావాలంటే మిగతా గుడ్డంతా మైనంతో మూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. ఆకుపచ్చ విడిగా లేదు, నీలం మీద పసుపు పూస్తారు. అందుకే పాత గుడ్డల్లో పసుపు వెలిసిపోయి ఆకులు నీలంగా కనిపిస్తాయి. ఇది తెలిసి చూస్తే ఒక్క పువ్వు ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు.

ఇంకా మంచి వార్త. మే 31న స్ట్రాట్‌ఫర్డ్ ఒలింపిక్ పార్కులో ఇదే మ్యూజియం వాళ్ళు ఈస్ట్ స్టోర్‌హౌస్ తెరిచారు. మ్యూజియం గోడౌన్నే జనానికి తెరిచేశారన్నమాట, ఉచితం. ర్యాకుల్లో, చెక్క పెట్టెల మధ్య రెండున్నర లక్షల వస్తువులు. షాజహాన్ కాలపు ఆగ్రా పాలరాతి స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. అన్నిటికంటే గొప్ప సంగతి, మనం ఆన్‌లైన్‌లో వస్తువులు ఎంచుకుని రెండు వారాల ముందు బుక్ చేసుకుంటే, ఐదు వస్తువుల దాకా తీసి బల్ల మీద పెట్టి దగ్గరుండి చూపిస్తారు. డిగ్రీలు, సిఫార్సులు ఏవీ అక్కర్లేదు. నేను ఒక అద్దకం పలంపూర్ (మంచం మీద పరిచే పెద్ద దుప్పటి) అడిగాను. అంచు వెనక్కి తిప్పి చూపించమంటే చూపించారు. వెనకవైపు రంగు ఎంత లోపలికి దిగిందో చూస్తే ఆ చేతికి దండం పెట్టాలనిపించింది. అమ్మగారికి కూర్చునే చూసే వీలుంటుంది కాబట్టి నా మాట విని ఇది ముందు బుక్ చేయండి.

తెనాలి_తరంగం

అక్కా, ఇది ఎవరూ చెప్పని సంగతి. ఈ రాత్రే బుక్ చేస్తాను. అమ్మ దగ్గర పెళ్ళినాటి కలంకారీ దుప్పటి ఉంది, ఆవిడే ఎక్కువ మాట్లాడుతుందేమో.

బొమ్మలక్క

దుప్పటి ఫోటో తెచ్చుకోమను. అక్కడ పని చేసేవాళ్ళు అలాంటివి చాలా ఇష్టంగా చూస్తారు.

కాసెల్_కుర్రాడు

జర్మనీ నుంచి. ఇక్కడ కాసెల్‌లో ఐదేళ్ళకోసారి వంద రోజులు జరిగే డాక్యుమెంటా కళా ప్రదర్శన 2027 జూన్ 12న మొదలవుతుంది. అప్పటిదాకా ఆగక్కర్లేదు, ఊళ్ళో కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో మొదలుపెట్టిన ఏడు వేల ఓక్ చెట్లున్నాయి. ప్రతి చెట్టు పక్కనా ఒక నల్లరాయి పాతారు. అప్పట్లో చెట్టు రాయికంటే చిన్నది, ఇప్పుడు రాయి చెట్టు మొదట్లో దాక్కుంది. వేసవిలో ఈ ఊరు రావడానికి అదొక్కటి చాలు.

హౌన్స్‌లో_వాసి

ఉచితం, పాపకి నచ్చేది, అమ్మగారు కూర్చోగలిగేది, మూడూ కలిసింది ఒకటుంది: కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో సర్పెంటైన్ పెవిలియన్. 2000 నుంచి దాదాపు ప్రతి వేసవికీ ఒక ఆర్కిటెక్ట్‌ని పిలిచి తాత్కాలిక మండపం కట్టిస్తున్నారు. మొదటిది జహా హదీద్ కట్టారు. ఈ ఏడాది ఢాకా నుంచి మరీనా తబస్సుమ్. ఆవిడకి స్ఫూర్తి ఏంటో తెలుసా? మన పెళ్ళిళ్ళకి వేసే షామియానా! చెక్క కమాన్ల మీద వెలుగు జారనిచ్చే పలకలు, లోపలికి వెళ్తే ఎండ మెత్తబడి పడుతుంది. మధ్యలో ఒక గింకో చెట్టు. నాలుగు ముక్కల్లో ఒకటి కదులుతుంది కూడా. జూన్ 6 నుంచి అక్టోబరు 26 దాకా. లోపల చుట్టూ బెంచీలున్నాయి, ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్ళి పార్కులో తినొచ్చు.

దగ్గర్లోనే పీటర్ కుక్ చేసిన ఆట మండపం ఉంది, లెగో ముక్కలతో, ఆగస్టు 10 దాకా. సర్పెంటైన్ నార్త్ గ్యాలరీలో అర్పితా సింగ్ పెయింటింగులు జూలై 27 దాకా. ఢిల్లీలో ఉంటారావిడ, ఎనభై దాటాయి, భారతదేశం బయట ఒక పెద్ద సంస్థలో ఇది ఆవిడ మొదటి సోలో షో. కాన్వాస్ నిండా మనుషులు, కార్లు, విమానాలు, ఇంగ్లీషు అక్షరాలు, గులాబీ, నీలం రంగులు. నాన్నగారికి తప్పకుండా చూపించండి. అదీ ఉచితమే.

రెండో_గేరు

విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో కార్టియే నగల షో కోసం జనం ఎగబడుతున్నారు. టికెట్ దొరకలేదని టెన్షన్ పడకండి. మీ లిస్టుకి అది అక్కర్లేదు. దాని బదులు అక్కడే వైకల్యం, డిజైన్ మీద కొత్త ఎగ్జిబిషన్ జూన్ 7న మొదలైంది, వచ్చే ఫిబ్రవరి దాకా ఉంటుంది. వికలాంగులు తమకోసం తామే తయారు చేసుకున్న వస్తువులు చూస్తే డిజైన్ అంటే అలంకారం అన్న భ్రమ పోతుంది.

తెనాలి_తరంగం

జూలై మధ్యలో అప్‌డేట్ ఇస్తున్నాను. రాయల్ అకాడమీ, 33ఎ గది, షామియానా మండపం అయ్యాయి. స్టోర్‌హౌస్ వచ్చే వారం.

రాయల్ అకాడమీలో నాన్న మొదటి గదిలోనే చాలాసేపు ఉండిపోయారు. హౌన్స్‌లో వాసి గారు చెప్పినట్టు పుస్తకం తెరవకుండా చూశారు. నీటిరంగుల్లో వేసిన ఒక వాన బొమ్మ దగ్గర ఆగి, "కాగితం తడి ఆరకముందే వేశాడు, చూడు, అంచులు ఎలా పాకాయో. ధైర్యం ఉండాలి" అన్నారు. ఆ మాట వింటున్న పక్కనున్న పెద్దాయన ఏమన్నారని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయనా నీటిరంగులే వేస్తాడట. తర్వాత వాళ్ళిద్దరూ నా అనువాదం మీద ఆధారపడి బ్రష్షుల గురించి మాట్లాడుకుంటూ మూడు గదులు తిరిగారు.

అమరావతి పలకని గీశారు. ఖాళీ ఆసనం వైపే ముందు. స్తూపం వైపు ఇంకోసారి వెళ్ళి గీస్తారట.

ఇప్పుడు అసలు ప్రశ్న. వచ్చే ఏడాది సమ్మర్ ఎగ్జిబిషన్‌కి నాన్న బొమ్మ పంపొచ్చా? ఆయన అడగలేదు, నేనే అడుగుతున్నాను.

హౌన్స్‌లో_వాసి

పంపొచ్చు. అకాడమీ సభ్యత్వం, ఇక్కడి చదువు ఏదీ అక్కర్లేదు. ఒక్కొక్కరు రెండు పనుల దాకా పంపొచ్చు. చలికాలంలో ఎంట్రీలు తీసుకుంటారు, వేలల్లో వస్తాయి కాబట్టి సంఖ్యకి పరిమితి పెడతారు, చివరిదాకా ఆగొద్దు. ప్రతి ఎంట్రీకి ఫీజు ఉంటుంది, ఎంపిక కాకపోయినా వెనక్కి రాదు. మొదటి వడపోత ఫోటోలు చూసే చేస్తారు. కాబట్టి పగటి వెలుతురులో, అద్దం లేకుండా, అంచులు వంకర పోకుండా ఫోటో తీయండి. అది దాటితే అసలు బొమ్మ ఫ్రేము కట్టించి లండన్‌లో అప్పగించాలి. అప్పుడు సభ్యులు బొమ్మల్ని నేరుగా చూసి రెండో వడపోత చేస్తారు. అది దాటినవాటిలోనూ గోడ మీద చోటు దొరకనివి ఉంటాయి.

కాబట్టి నాన్నగారు వెళ్ళేలోపు రెండు మంచి బొమ్మలు మీ దగ్గర ఉంచుకోండి. తెనాలి నుంచి ఫ్రేముతో కొరియర్ అంటే అద్దం పగులుతుంది.

బొమ్మలక్క

ఫ్రేముకి సన్నటి లేత చెక్క చాలు, బంగారు రంగుది వద్దు. ఆ గోడల మీద అంత దగ్గర దగ్గరగా వేలాడదీస్తారు, మెరిసే ఫ్రేము నీటిరంగుల్ని మింగేస్తుంది. ఏ బొమ్మలు అనుకుంటున్నారో ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.